ఓనర్‌షిప్ తీసుకోవాల్సింది ఎవరు?

ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ఐటీ వాళ్లం చేసే మొదటి పని ఒక కాల్ పెట్టడం. దాని పేరు 'వార్ రూమ్'. అందులో ఉండేది నలభై మంది, మాట్లాడేది ఇద్దరు, నిజంగా కోడ్ చూస్తున్నది ఒక్కడు. రిలీజ్ అయితే 'మిషన్'. డెడ్‌లైన్ అయితే 'డూ ఆర్ డై'. కొత్త మేనేజర్ వచ్చాడంటే మొదటి నెలలోనే అమెరికన్ నేవీ సీల్స్ వీడియో ఒకటి గ్రూపులో పడుతుంది. కింద 'మనం కూడా ఇలా ఉండాలి టీమ్' అని మెసేజ్.

ఉండాలి, సరే. ఎలా ఉండాలి?

చాలా ఆఫీసుల లెక్కలో సైన్యం అంటే చెప్పింది చెయ్యడం, రాత్రీ పగలూ చెయ్యడం, ఎందుకని అడక్కపోవడం. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, పేర్లు మాత్రం తెచ్చుకున్నాం. నిజంగా పేరున్న సైనిక దళాలు ఈ విషయంలో ఏం నేర్చుకున్నాయో చూస్తే కథ దాదాపు తలకిందులుగా ఉంటుంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒక జలాంతర్గామి. అమెరికా నేవీకి చెందిన శాంటా ఫే. అణుశక్తితో నడిచేది, సుమారు 135 మంది సిబ్బంది. 1999లో డేవిడ్ మార్కే అనే అధికారి దానికి కెప్టెన్‌గా వెళ్లాడు. అసలు ఆయన ఏడాది పాటు తయారైంది ఒలింపియా అనే వేరే సబ్‌మెరైన్ కోసం. దాని వైర్లూ పైపులూ అన్నీ కంఠతా. చివరి నిమిషంలో శాంటా ఫేకి పొమ్మన్నారు. ఇది వేరే రకం. పైగా అప్పట్లో దాని పేరు కూడా అంత బాగాలేదు.

వెళ్లిన కొత్తలో ఒక డ్రిల్ జరుగుతోంది. రియాక్టర్ ఆగిపోయినట్టు అనుకుని బ్యాటరీ మోటార్ మీద నడుపుతున్నారు. డ్రిల్ కాస్త కష్టంగా ఉండాలని కెప్టెన్ వేగం పెంచమన్నాడు, మూడింట రెండు వంతులకి. డ్యూటీలో ఉన్న ఆఫీసర్ అదే ఆర్డర్‌ని గట్టిగా రిపీట్ చేశాడు. చుక్కాని దగ్గరున్న కుర్రాడు మాత్రం కదల్లేదు. ఏమైందని అడిగితే, ఈ సబ్‌మెరైన్‌లో ఆ మోటార్‌కి అసలు ఆ స్పీడే లేదని తేలింది. కెప్టెన్ ఆ ఆఫీసర్‌ని పక్కకి పిలిచి అడిగాడు, నీకు తెలుసా అని. తెలుసు అన్నాడు. మరి ఆర్డర్ ఎందుకిచ్చావంటే, మీరు ఇవ్వమన్నారు కదా అన్నాడు.

చదవగానే నవ్వొచ్చింది నాకు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మన స్ప్రింట్ ప్లానింగ్‌లో ప్రతి రెండు వారాలకీ జరిగేది ఇదే. లేని స్పీడ్‌కి డేట్ ఇచ్చేస్తాం. అది అవ్వదని పైనుంచి కింద దాకా అందరికీ తెలుసు. అయినా లీడ్ రిపీట్ చేస్తాడు, మనం తలూపుతాం.

మార్కే ఆ తర్వాత ఆర్డర్లు ఇవ్వడం తగ్గించుకున్నాడు. కిందివాళ్లు వచ్చి 'ఏం చెయ్యమంటారు?' అని అడగడం బదులు, 'నేను ఫలానాది చెయ్యబోతున్నాను, కారణం ఇదీ' అని చెప్పాలి. కెప్టెన్ సరే అంటాడు, లేదంటే ఇంకో ప్రశ్న వేస్తాడు. మాట తీరులో మార్పు చిన్నదే. కానీ ఆలోచించే పని ఎవరి నెత్తిన ఉందో మారిపోయింది. ఇంకోటి కూడా చేశాడు. ఒక ఆపరేషన్ ముందు తను ఉపన్యాసం ఇవ్వడం మానేసి, వాళ్లనే ప్రశ్నలు అడిగేవాడు. నువ్వేం చేస్తావు, అది ఫెయిలైతే ఏం చేస్తావు అని. వాళ్లు చెప్పలేకపోతే ఆ పని ఆరోజుకి వాయిదా. మన రిలీజ్ కాల్స్ గుర్తు తెచ్చుకోండి. ముప్పై స్లైడ్లు, చివర్లో 'ఎనీ క్వశ్చన్స్?', నిశ్శబ్దం, 'గ్రేట్, లెట్స్ గో'. రోల్‌బ్యాక్ ఎలా చేస్తావని ఆ పని చెయ్యబోయే మనిషిని ఒక్కసారైనా అడిగారా?

'ఎందుకు' అనే ముక్క కూడా సైన్యం దగ్గర మనకంటే నయం. అమెరికన్ ఆర్మీ ఆర్డర్‌లో కమాండర్ ఉద్దేశం విడిగా రాస్తారు. కింది దళానికి తన పై అధికారిదే కాదు, ఆ పైవాడి ఉద్దేశం కూడా తెలియాలన్నది వాళ్ల పద్ధతి. యుద్ధం మొదలయ్యాక ప్లాన్ పాడైపోతుంది, ఉద్దేశం తెలిసినవాడు వేరే దారి వెతుక్కుంటాడు. దీని మూలాలు 19వ శతాబ్దపు ప్రష్యా సైన్యంలో ఉన్నాయి, అంటే మన జిరా టికెట్ల కంటే చాలా పాత సంగతి. ఇప్పుడు మన టికెట్ చూడండి. 'ఫొటో అప్‌లోడ్ లిమిట్ 2 ఎంబీ నుంచి 5 ఎంబీకి పెంచాలి.' అంతే. పెంచేస్తాం, క్లోజ్ చేసేస్తాం. 'ఊళ్లో సిగ్నల్ సరిగా లేనివాళ్లు కూడా బిల్లు ఫొటో పంపగలగాలి' అని ఒక్క లైన్ రాసుంటే? లిమిట్ పెంచడం ఎందుకు అన్నా, ఫోన్‌లోనే ఫొటో సైజు తగ్గించి పంపిద్దాం అని నిన్న చేరిన ఫ్రెషర్ కూడా చెప్పేవాడు.

ఇక ఆ మేనేజర్లు షేర్ చేసే సీల్స్ సంగతి. జాకో విల్లింక్ పేరు విని ఉంటారు, తెల్లవారుజామున నాలుగున్నరకి వాచీ ఫొటో పెట్టే పెద్దాయన. ఆయన లీఫ్ బాబిన్‌తో కలిసి 2015లో 'ఎక్స్‌ట్రీమ్ ఓనర్‌షిప్' అనే పుస్తకం రాశాడు. 'ఓనర్‌షిప్ తీసుకో' అనే మాట మన ఆఫీసుల్లో ఇంతగా మోగడానికి ఆ పుస్తకం కూడా ఒక కారణమే. అందులో మొదటి కథ 2006లో ఇరాక్‌లోని రమాదీది. ఆపరేషన్‌లో గందరగోళమై సొంత పక్షం వాళ్లే ఒకరినొకరు కాల్చుకున్నారు. ఒక ఇరాకీ సైనికుడు చనిపోయాడు. ఒక సీల్‌తో పాటు మరికొందరికి గాయాలు. విచారణకి పైవాళ్లు వచ్చారు. తప్పెవరిదని విల్లింక్ తన టీమ్‌ని అడిగితే ఒక్కొక్కరూ నాదంటే నాదని లేచారు. కాదు, కమాండర్‌ని నేను, తప్పు నాది అన్నాడాయన, పై అధికారుల ముందే.

ఆయన కథ ఆయనే చెప్పుకున్నాడు కాబట్టి కాస్త హీరోయిజం ఉంటుంది, తీసెయ్యండి. మిగిలిన దాంట్లో దిశ గమనించండి. ఓనర్‌షిప్ మొదలైంది పైనుంచి. మన దగ్గర అది కిందికి దొర్లించే బండరాయి. మేనేజర్ జూనియర్‌కి చెప్తాడు, 'నువ్వు ఓనర్‌షిప్ తీసుకో'. డేట్ ఆయనది, మనుషుల్ని తగ్గించింది ఆయన, ఓనర్‌షిప్ మాత్రం నీది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో చూశాను. రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడు శుక్రవారం సాయంత్రం ఒక కాన్ఫిగ్ మార్చాడు. నలభై నిమిషాలు పేమెంట్లు ఆగిపోయాయి. ఆ మార్పుకి ఇద్దరు సీనియర్లు అప్రూవల్ ఇచ్చారు. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ మూడు వారాలుగా పనిచెయ్యట్లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. తర్వాత పోస్ట్‌మార్టం డాక్యుమెంట్ రాయాలి. 'ఇది బ్లేమ్‌లెస్, నిజాయితీగా రాయండి' అన్నారు. పాపం, రాశాడు. తను ఏం చూడలేదో, ఎక్కడ తొందరపడ్డాడో వివరంగా రాశాడు. ఆ సీనియర్లిద్దరూ ఒక్క లైన్ రాయలేదు. అప్రైజల్ వచ్చేసరికి వాడు రాసిన పేరాయే వాడి రేటింగ్ కింద కారణంగా కనిపించింది. తిలాపాపం తలా పిడికెడు కావాల్సింది, మొత్తం ఒక్కడి దోసిట్లో పోశారు. వాడు మూడు నెలల్లో వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా టీమ్‌లో ఎవరు పోస్ట్‌మార్టం రాసినా రెండే వాక్యాలు: మానవ తప్పిదం, మళ్లీ జరగకుండా చూస్తాం. అదే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ వల్ల ఇంకో రెండుసార్లు పడ్డాం.

సైన్యంలో ఈ పనికి 'ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ' అని పేరు. కాలిఫోర్నియాలో మొహావీ ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ అనే చోట అమెరికన్ ఆర్మీకి పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. 1980ల నుంచి అక్కడ ఉత్తుత్తి యుద్ధాలు నడుస్తాయి. తుపాకులకి లేజర్లు, ఒంటికి సెన్సర్లు. ఎవరికి తగిలిందో మెషీనే చెప్పేస్తుంది, మన లాగ్స్ లాగా. అయిపోయాక కూర్చుంటారు. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, ఈసారి ఏం మారుద్దాం. ఈ నాలుగే. అక్కడ సామాన్య సైనికుడు తన కమాండర్ నిర్ణయం వల్లే దెబ్బతిన్నామని ఎదురుగానే చెప్పొచ్చు. ముఖ్యమైన షరతు ఒకటుంది. అది మార్కులేసే మీటింగ్ కాదు. రివ్యూ వేరు, ఎవరి పనితీరు ఎలా ఉందన్న లెక్క వేరు. మనం ఆ నాలుగు ప్రశ్నలూ కాపీ చేసుకుని, ఈ షరతుని వదిలేశాం. షరతు లేకపోతే మిగిలేది నేరాంగీకార పత్రమే.

ఒక సరదా సంగతి. మన సికింద్రాబాద్ సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది, 1970లో మొదలైంది. త్రివిధ దళాల అధికారులు అక్కడికి మేనేజ్‌మెంట్ చదువుకోవడానికి వస్తారు. మనం వాళ్ల నుంచి నేర్చుకుంటామని వీడియోలు పెట్టుకుంటుంటే, వాళ్లు కూర్చుని మేనేజ్‌మెంట్ చదువుతున్నారు.

ఆఫీసు సైన్యం కాదని నాకూ తెలుసు. ఇక్కడ ప్రాణాలు పోవు, జీతాలు పోతాయి. అందుకే మాట్లాడమని జూనియర్‌ని అడిగే ముందు ఆ జీతానికి ఎవరు అడ్డం నిలబడతారో తేల్చాలి. ఇప్పుడు నేనున్న టీమ్‌లో రిలీజ్ తర్వాత అరగంట కూర్చుంటాం. ముందు లీడ్ మాట్లాడుతుంది, తను ఏం తప్పుగా అంచనా వేసిందో చెప్పి. డాక్యుమెంట్‌లో పేర్లు ఉండవు, అప్రైజల్ ఫోల్డర్‌కి ఆ లింక్ వెళ్లదు. మొదటి రెండుసార్లు ఆమె ఒక్కతే మాట్లాడింది, మేమంతా మ్యూట్‌లో ఉన్నాం. మూడోసారి మా ఫ్రెషర్ అన్‌మ్యూట్ అయ్యాడు. "మేడమ్, టెస్ట్ డేటా పాతదని నాకు ముందే తెలుసు. ఎవరికి చెప్పాలో తెలీలేదు" అన్నాడు. ఆమె ఒక్క నిమిషం ఆగి, "అది నేను చెప్పి ఉండాల్సింది" అంటూ అక్కడికక్కడే టికెట్ తెరిచి తన పేరు మీదే వేసుకుంది.