ముసలి తల్లిదండ్రుల భారం కొడుకులదేనా?

కన్నవాళ్లను చూడని కొడుకులు ఎక్కువైపోయారు, ఉమ్మడి కాపురాలు చెడిపోయాయి, మన సంస్కృతి మంటగలిసింది - ఈ మాట ఇప్పుడు ప్రతి వేదిక మీదా వినిపిస్తున్నది. చెప్పేవాళ్లలో చాలామందికి నెలనెలా జీతమో, రిటైరయినాక పింఛనో ఉన్నది. వినేవాళ్లు కూలినాలి చేసుకొని బతికేవాళ్లు. కనుక ఈ మాటను కూలోళ్ల వైపు నుంచి ఒకసారి విచారించాలి.

నంబులపూలకుంట మండలంలో ఏ పల్లెకైనా పోయి చూడండి. వానను నమ్ముకున్న చెనిక్కాయ సేద్యం. సేద్యం పనులు లేని నెలల్లో వయసులో ఉన్న మొగుడూపెళ్లాలు బెంగుళూరుకో, కేరళకో మూటాముల్లె సర్దుకుంటారు. ఊళ్లో మిగిలేది అవ్వాతాతలు, బడికి పోయే పిల్లలు. ఆ పిల్లలకు సంగటి కెలికి పెట్టేదెవరు? జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేదెవరు? ఉన్న నాలుగు మేకల్ని తోలుకపోయేదెవరు? ముసలోళ్లు ఇంటికి భారమంటారు గానీ, కాళ్లు చేతులు ఆడినన్నాళ్లు ఇంటిని మోసేది వాళ్లే. వాళ్లు ఇక్కడ పొయ్యి ఆరకుండా చూడబట్టే కొడుకు అక్కడ బిల్డింగు పనికి పోగలుగుతున్నాడు. కంట్రాక్టరు ఇచ్చే కూలిలో ఆ అవ్వ చాకిరికి లెక్క లేదు.

ఆమె మంచం పట్టినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. దినకూలి 300 రూపాయలు, నెలలో 15 రోజులు పని అనుకుందాం. మనిషికి 4,500 రూపాయలు. మంచంలో ఉన్న మనిషిని విడిచి కోడలు పనికి పోలేదు. ఇద్దరి కూలిలో ఒకరిది అక్కడితో తెగిపోయింది. ఆ మీద మాత్రలు, సూదిమందు, కదిరి ఆసుపత్రికి ఆటో బాడుగ. అప్పుడు అన్నదమ్ములు వంతులు వేసుకుంటారు. అమ్మ పెద్దోని ఇంట్లో, నాయన చిన్నోని ఇంట్లో. నలభై ఏండ్లు కలిసి బతికిన ఇద్దరినీ విడదీసింది కోడలి నోరని ఊరంతా అంటుంది. విడదీసింది చాలని కూలి.

సెంటు భూమి ఉన్న ముసలోనికి ఇంట్లో మాట చెల్లేది. మా మండలంలోనూ, పక్క గాలివీడు మండలంలోనూ వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టారు. 2016లో అక్కడ ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల కరెంటు తీసింది. కరెంటు కావాల్సిందే. కానీ భూమి ఏటా ఎంతోకొంత పెట్టేది; పరిహారం ఒక్కసారితో అయిపోయేది. ఆ చేలకు కూలికి పోయేవాళ్లకు పనీ పోయింది.

మరి ప్రభుత్వం ఏం చేస్తున్నది? 1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది 75 రూపాయలు. 2007 నాటికి 200 అయింది. 60 నుంచి 79 ఏండ్ల వాళ్లకు ఢిల్లీ వాటా ఇప్పటికీ ఆ 200 రూపాయలే! ఇన్నేండ్లలో ధరలు ఎక్కడికి పోయాయో సంతకు పోయే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. రాష్ట్రంలో 2014లో 1,000, 2019లో 2,000, 2024 జులై నుంచి 4,000 అయింది. మంచిదే. అది దానం కాదు, ఆ చేతుల శ్రమలో చిన్న తునక.

కానీ నిబంధన చూడండి. ఒక కుటుంబానికి ఒకటే వృద్ధాప్య పింఛను. తాతకు వస్తే అవ్వకు రాదు. అత్తా వితంతువే, కోడలూ వితంతువే అయి ఒకే రేషన్ కార్డులో ఉంటే ఇద్దరిలో ఒకరికే. కార్డులో ఒకరికి సర్కారు ఉద్యోగం ఉంటే ముసలోళ్లకు ఏమీ లేదు. మొగుడు చనిపోతే ఆ పింఛను భార్యకు వచ్చే ఏర్పాటు 2024 చివర్లో చేశారు. అంటే అవ్వ చేతికి నాలుగు రూపాయలు రావాలంటే తాత పోవాలి! ఉమ్మడి కాపురం మన సంస్కృతి అని చెప్పే ప్రభుత్వమే కార్డు వేరు చేసుకోండి, పొయ్యి వేరు పెట్టుకోండి అని నేర్పుతున్నది. కలిసి బతికినందుకు ఇది శిక్ష కాదా? పోనీ వాళ్లను వెంట బెంగుళూరుకు తోడుకపోదామంటే ఈ పింఛను అక్కడ ఇయ్యరు.

2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీవో దగ్గరికి పోతే కొడుకుల చేత నెలకు 10,000 వరకూ ఇప్పించవచ్చు. ఆస్తి రాయించుకొని గెంటేసిన కొడుకు మీద ఆ చట్టం పనికొస్తుంది, వాడుకోవాల్సిందే. కానీ నెలకు 4,500 తెచ్చే కొడుకు ఎక్కడ నుంచి తెస్తాడు? ఆ చట్టమే కొడుకు ఇచ్చి తీరాలన్నది. జిల్లాకొక వృద్ధాశ్రమం విషయంలో మాత్రం ప్రభుత్వం 'పెట్టవచ్చు' అన్నది.

మనోళ్లు కూలికి పోయే కేరళలో 1980లోనే వామపక్ష ప్రభుత్వం వ్యవసాయ కార్మికులకు నెలకు 45 రూపాయల పింఛను మొదలుపెట్టింది. కూలి చేసినవానికి ముసలితనంలో హక్కు ఉంటుందని అప్పుడే ఒప్పుకున్నారు. కేంద్రం 2019లో తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరాలంటే 40 ఏండ్ల లోపే ఉండాలి, నెలనెలా మనమే కట్టాలి. నలభై దాటిన కూలోని సంగతి?

ఒక మాట మనలో మనం కూడా చెప్పుకోవాలి. కూలి డబ్బు బ్రాందిషాపులో పెట్టి వచ్చి, అమ్మకు మందుల్లేవని పెళ్లాం మీద అరిచేవాడు మన వాడల్లోనూ ఉన్నాడు. ముసలోళ్ల చాకిరంతా ఆడవాళ్లదే, పెత్తనం మాత్రం మగోళ్లది. బయటి దోపిడీని చూపించి ఇంట్లో అన్యాయాన్ని దాచుకోకూడదు. నాయన ఒళ్లు కడగడం కొడుకు చేస్తే పరువేం పోదు.

అందుకని ప్రతి పల్లెలో కూలి సంఘం ఈ కోర్కెలు చేపట్టాలి. 60 దాటిన ప్రతి మనిషికీ, కార్డుతో పని లేకుండా, విడిగా పింఛను ఇవ్వాలి. కేంద్రం తన 200ను సిగ్గులేకుండా పట్టుకొని కూర్చోకుండా పెంచాలి. మంచంపట్టిన వాళ్ల దగ్గరికి నెలకొకసారి మందులతో డాక్టరు రావాలి. ఒకే కార్డులో ఇద్దరు ముసలోళ్లుండీ ఒకరికే వస్తున్న ఇళ్లు మీ ఊళ్లో ఎన్నున్నాయో ముందు పేర్లు రాసి పెట్టండి. ఆ జాబితాతో, ఆ అవ్వాతాతల్నే ముందు నడిపించుకొని సచివాలయానికి పోదాం. భూస్వాముల చేలల్లో నడుములు వంగిపోయిన వాళ్లు ముసలితనంలో కొడుకుల ముందు చేయి చాపకూడదు. వాళ్లది హక్కు. దాన్ని రాబట్టాల్సిన పని మనది.