ప్రైవేట్‌ని పబ్లిక్ చేసేస్తే పని అయిపోదు

పీహెచ్‌పీ క్లాసు నుంచి డేటాని జేసన్‌గా పంపించే దగ్గర మన మినీ ప్రాజెక్టులన్నిటిదీ ఒకటే కథ. ఎన్‌క్యాప్సులేషన్ మీద పరీక్షలో రెండు పేజీలు రాసినవాళ్లం కాబట్టి క్లాసులో వేరియబుల్స్ అన్నీ ప్రైవేట్ పెడతాం. ఆ ఆబ్జెక్టుని జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్‌కి ఇస్తే ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి. రివ్యూకి గంట టైముందనగా ఎవడో ఒకడు "ప్రైవేట్ తీసేసి పబ్లిక్ పెట్టీరా, ఏటవుద్ది!" అంటాడు. పెట్టేస్తాం. డేటా వచ్చేస్తుంది.

నాకు ఆ సలహా మీదే అభ్యంతరం. ఫంక్షన్ తప్పేమీ చెయ్యలేదు. బయటికి కనిపించకూడదని మనం చెప్పినవాటిని అది చూపించలేదు, అంతే.

ఏటవుద్దో ఆలోచిద్దాం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజు కోసం మనలో ఒక టీమ్ సహాయం కావాల్సినవాళ్ల జాబితా చూపించే యాప్ చేసిందనుకోండి. ఆబ్జెక్టులో పేరు, మండలంతో పాటు ఫోన్ నంబరు, ఆధార్ నంబరు కూడా ఉంటాయి. అన్నీ పబ్లిక్ చేస్తే అన్నీ బయటికి పోతాయి. స్క్రీన్ మీద రెండే కనిపించొచ్చు, కానీ బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవడం వచ్చిన ప్రతివాడికీ మిగతావీ కనిపిస్తాయి.

దీనికి మందు 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4 నుంచే ఉంది: జేసన్ సీరియలైజబుల్ అనే ఇంటర్‌ఫేస్. క్లాసులో ఒక్క మెథడ్ రాసి, బయటికి పోవాల్సినవాటితో మాత్రమే అర్రే రిటర్న్ చేస్తే చాలు. వేరియబుల్స్ ప్రైవేట్‌గానే ఉంటాయి. ఇంకో మాట: క్లాసు లోపల ఎకో వద్దు. క్లాసు డేటా ఇవ్వాలి, జేసన్‌గా మార్చే పని స్క్రిప్టు చివర్లో జరగాలి. అప్పుడు అదే క్లాసు వెబ్ పేజీకీ పనికొస్తుంది, యాప్‌కీ పనికొస్తుంది.

అర్రే ఇచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. శ్రీకాకుళం జిల్లా మండలాల జాబితాలో ఆమదాలవలస, పాలకొండ, రాజాం, టెక్కలి, పలాస వరసగా ఉన్నాయనుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. అర్రే ఫిల్టర్‌తో ఆ రెండూ తీసేస్తే మిగిలిన కీలు 0, 3, 4. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి నిన్నటిదాకా స్క్వేర్ బ్రాకెట్లలో వచ్చిన లిస్టు ఇవాళ ఫ్లవర్ బ్రాకెట్లలో ఆబ్జెక్టుగా వస్తుంది. అవతల జావాస్క్రిప్ట్‌లో లూప్ రాసినవాడు, తన కోడ్ ముట్టుకోకపోయినా, ఎర్రర్ చూస్తాడు. పంపేముందు అర్రే వేల్యూస్ ఒకసారి పిలిస్తే ఈ గొడవే ఉండదు.

ఇక తెలుగు సంగతి. ఫంక్షన్‌ని మామూలుగా వాడితే మన ఊరి పేరు బ్యాక్‌స్లాష్‌లూ అంకెలూ కలిసిన ముద్దలా వస్తుంది. "బ్రౌజర్ మళ్లీ తెలుగు చేసుకుంటుంది కదా" అంటారు. నిజమే, చేసుకుంటుంది. కానీ రాత్రి రెండింటికి ఆ లాగ్ చదివేది మనిషి. పైగా "శ్రీకాకుళం" యూటీఎఫ్-8లో 30 బైట్లు, ఆ ముద్దగా 60. అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ అనే ఫ్లాగ్ కలిపితే తెలుగు తెలుగుగానే వస్తుంది. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, మనకి తెలుగు భాషా దినోత్సవం. చదివేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలని వాదించిన మనిషి ఆయన. ఆ ఒక్క ఫ్లాగ్ పెట్టడానికి బద్ధకించి దండ మాత్రం వేస్తే ఏం బాగుంటుంది?

అన్నిటికంటే నన్ను భయపెట్టేది నిశ్శబ్దం. మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లని లెక్కపెడుతుంది. ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు. "శ్రీకాకుళం"ని పది బైట్ల దగ్గర కోస్తే నాలుగో కోడ్ ముక్కలవుతుంది. అప్పుడు జేసన్ ఎన్‌కోడ్ ఫాల్స్ ఇస్తుంది. ఫాల్స్‌ని ఎకో చేస్తే ఏమీ రాదు, ఖాళీ. తుఫాను రాత్రి ఆ ఖాళీ చూసినవాడు సహాయం అడిగినవాళ్లు ఎవరూ లేరనుకోవచ్చు. జాబితాలో ఎవరూ లేకపోవడం వేరు, జాబితా తయారుకాకపోవడం వేరు. పీహెచ్‌పీ 7.3 నుంచి త్రో ఆన్ ఎర్రర్ ఫ్లాగ్ ఉంది. అది పెడితే తప్పు జరిగిన చోటే ఎక్సెప్షన్ వస్తుంది. కోయడానికి ఎంబీ సబ్‌స్ట్రింగ్ వాడితే ఈ తప్పే జరగదు.

ఇవేవీ పెద్ద విద్యలు కావు. ఒక ఇంటర్‌ఫేస్, రెండు ఫ్లాగ్‌లు, రెండు ఫంక్షన్లు. వచ్చే రివ్యూకి ముందు మీ ప్రాజెక్టు పంపే జేసన్‌ని ఒకసారి బ్రౌజర్‌లో నేరుగా తెరిచి, మొదటి నుంచి చివరిదాకా చదవండి. అందులో మీ అమ్మగారి ఫోన్ నంబరు ఉంటే మీకు ఇబ్బందిగా ఉంటుందా? అయితే పక్కింటివాళ్లదీ అక్కడ ఉండకూడదు.