మాట తెగిన విమానం

మా కమలనగర్‌లో విమానం చప్పుడు కొత్త గాదు. జిల్లా కేంద్రమైన బీదరులో వాయుసేనవారి శిక్షణ కేంద్రమున్నది. సూర్యకిరణ్ దళానికీ అదే నివాసం. అయినా చప్పుడు వినబడితే తల పైకెత్తని వారుండరు.

మొన్న మా వీధిలోని పెద్దమ్మ ఒకామె వాకిట్లో కూర్చుని ఆకాశం వంకే చూస్తున్నది. మనుమడు ముందు రాత్రి బొంబాయిలో లండను విమానమెక్కినాడు. మధ్యాహ్నానికి దిగి ఫోను చేస్తానన్నాడు. నాలుగు గంటలైనా కబురు లేదు. "విమానంలోవాళ్లకూ కిందివాళ్లకూ మాట తెగిపోతే ఏం చేస్తారు నాయనా?" అని అడిగింది. ఆమెకు చెప్పిన సంగతులే పాఠకులకూ చెబుతున్నాను.

విమానం ఎగిరినంతసేపు నేలమీది కంట్రోలువారు రేడియోలో దానితో మాట్లాడుతుంటారు. ఒకరి హద్దు దాటగానే మరొకరికి అప్పగిస్తారు. అప్పుడు ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి. అందులో ఒక్క అంకె తప్పు విన్నా, తప్పు తిప్పినా మాట తెగిపోతుంది. రేడియో బాగానే ఉంటుంది, విమానమూ బాగానే ఉంటుంది, పిలుపు మాత్రం అందదు. అందుకే 121.5 అనే అత్యవసర ఫ్రీక్వెన్సీని కూడా వింటూ ఉండాలని నియమం.

రేడియో చెడిందని పైలటుకు తెలిస్తే ట్రాన్స్‌పాండరనే యంత్రంలో 7600 అనే అంకె పెడతాడు. అది కిందివారి తెరమీద కనబడుతుంది. చుట్టూ తేటగా ఉంటే దగ్గరలోని తగిన విమానాశ్రయంలో దిగి కబురు చేస్తాడు. మబ్బులలో ఉంటే, చివరిసారి ఒప్పుకున్న ఎత్తులో, వేగంలో నియమిత కాలం పోయి, ఆపైన ముందుగా వ్రాసియిచ్చిన ప్రయాణ పత్రం ప్రకారం గమ్యం చేరుతాడు. కిందివారు అతడు ఆ మాటమీదే ఉంటాడని నమ్మి ఇతర విమానాలను దూరంగా ఉంచుతారు. టవరునుండి దీపం చూపుతారు. నిలకడగా పచ్చదీపం వెలిగితే దిగవచ్చు. నిలకడగా ఎర్రదీపమైతే ఇతరులకు దారి యిచ్చి చుట్టూ తిరుగుతుండాలి. పగలైతే పైలటు రెక్కలూపి 'తెలిసింది' అంటాడు.

మాట తెగిన సంగతి పైలటుకే తెలియకపోతే చిక్కు. 2017 ఫిబ్రవరి 16న బొంబాయినుండి లండను పోతున్న జెట్ ఎయిర్‌వేస్ విమానం జర్మనీ మీద అలాగే మౌనం వహించింది. అందులో 330 మంది ప్రయాణికులు, 15 మంది సిబ్బంది. జర్మనీ వాయుసేన యుద్ధ విమానాలు రెండు లేచి వెంట నడిచినాయి. కొద్దిసేపటికి మాట కలిసింది, విమానం క్షేమంగా లండనులో దిగింది. ఆ సంస్థ 2019లో మూతపడింది గాని, ఆ పాఠం మిగిలింది.

మౌనమెప్పుడూ క్షేమమేనని అనలేము. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరుకు నల్లమల మీద సంబంధం తెగింది. ఆ పగలూ ఆ రాత్రీ తెలుగువారందరూ ఎదురు చూసినారు. మరునాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడినాయి. ఐదుగురిలో ఒక్కరూ దక్కలేదు. ఆ రాత్రిని ఎరిగినవారు పెద్దమ్మ భయాన్ని చూసి నవ్వరు. నేనూ నవ్వలేదు.

ఆరుగంటలకు ఫోను మోగింది. చార్జింగు అయిపోయిందట, అంతే! పెద్దమ్మ రెండు తిట్లు తిట్టి, కళ్లు తుడుచుకుని, లోపలికి పోయి దీపం పెట్టింది.

పైలటు మాట తెగకముందే దారి వ్రాసియిచ్చి పోతున్నాడు. మన పిల్లలు ఆపాటి చేయలేరా? ఊరు విడిచేముందు విమానం నంబరు, దిగే వేళ, అక్కడి మరొకరి ఫోను నంబరు కాగితం మీద వ్రాసి ఇంట్లో ఉంచండి. "ఫలానా గంటదాకా కబురు లేకున్నా కంగారు పడవద్దు, ఆ తరువాత వీరిని అడగండి" అని చెప్పి పొండి. ఇంట్లో ఉన్న పెద్దలు ఆ గంటదాకా ఓపిక పట్టండి. ఆ కాగితం ముక్క ఉండి ఉంటే పెద్దమ్మ ఆ పూట అన్నం తిని ఉండేది.