ఒక్క మెతుకు చాలదు

పిల్లలూ! అన్నం ఉడికిందో లేదో చూడడానికి మీ అమ్మ గిన్నెలోని మెతుకులన్నీ పట్టి చూడదు గదా! గరిటెతో ఒక్క మెతుకు తీసి, వేళ్ల మధ్య నలిపి, "అయింది, దించవచ్చు" అంటుంది. ఆ ఒక్క మెతుకే మిగతా అన్నిటి సంగతీ చెబుతుంది. దీనినే పెద్దలు స్థాలీపులాక న్యాయం అన్నారు. స్థాలి అంటే వంటగిన్నె, పులాకం అంటే మెతుకు.

ఇది మంచి న్యాయమే. కాని అన్ని చోట్లా పనికిరాదు. అది పనికిరాని చోటు ఒకటి నేను ఉద్యోగంలో ఉండగానే నాకు ఎదురయింది. దానివల్ల ఒక పిల్లకు నష్టం కూడా కలిగింది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత దాని వెనక ఉన్న విద్య ఏమిటో చెబుతాను.

నేను రిటైరు కావడానికి ముందు సంవత్సరం, మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టుకోవాలనుకున్నది. ఇప్పుడు ఇటువంటి దరఖాస్తులు కాగితం మీద పంపరు గదా! కంప్యూటరులో వెబ్‌సైటు తెరిచి, గడులన్నీ నింపి, చివర ఉన్న బటన్ నొక్కాలి. ఆ పిల్లకు ఆదాయ ధ్రువపత్రం ఆఖరు రోజున గాని చేతికి రాలేదు. ఆనాటి సాయంత్రం ఇద్దరమూ బడి కంప్యూటరు ముందు కూర్చున్నాం.

పేరు నింపాం, తండ్రి పేరు నింపాం, పుట్టిన తేదీ నింపాం. ఇంటిపేరు గడిలో, బడి రికార్డులో ఎట్లా ఉన్నదో అట్లాగే, ఒకే ఒక ఇంగ్లీషు అక్షరం వేశాం. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. మీ తరగతి హాజరుపట్టీ చూస్తే మీకే తెలుస్తుంది.

అన్నీ అయినాయి. బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బటన్ బూడిద రంగులో చచ్చినట్టు పడి ఉన్నది. తప్పు ఫలానా చోట ఉన్నదని తెర మీద ఒక్క మాటైనా రాలేదు. గడులు ఒక్కొక్కటే చెరిపి, మళ్లీ నింపి చూశాం. చీకటి పడింది. ఆఖరుకు ఆ పిల్లే, ఏమవుతుందో చూద్దామని, ఇంటిపేరు గడిలో అదే అక్షరాన్ని రెండుసార్లు కొట్టింది. వెంటనే బటన్ ఆకుపచ్చగా వెలిగింది!

అప్పుడు అర్థమయింది. ఇంటిపేరులో కనీసం రెండు అక్షరాలు ఉండాలని ఎవరో ఆ పేజీకి నియమం పెట్టారు. కాని పత్రాలలో లేని పేరుతో పంపితే దరఖాస్తు చెల్లదు. పైగా వివరాలన్నీ నిజమేనని ప్రధానోపాధ్యాయుడుగా నేను ధ్రువీకరించాలి. లేని పేరును ఉన్నదని ఎట్లా ధ్రువీకరించను? ఫోను చేస్తే ఎవరూ తీయలేదు. అర్ధరాత్రికి గడువు తీరిపోయింది. తరువాత నేను ఉత్తరాలు రాశాను, వారు నియమం మార్చారు. అయితే తీరిపోయిన గడువు మాత్రం తిరిగి రాలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళుతూ ఆ పిల్ల నన్ను ఒక్క మాట అడిగింది: "మాష్టారూ, నా పేరులో తప్పు ఉన్నదా అండీ?"

"నీ పేరులో ఏ తప్పూ లేదు తల్లీ, తప్పంతా ఆ పేజీలో ఉన్నది" అన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఇంతమంది పిల్లలు నింపవలసిన పేజీని బయట పెట్టేముందు ఎవరూ పరీక్షించి చూడలేదా?

ఆ వేసవిలో నా పాత శిష్యుడు ఒకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వెబ్‌సైటులను పరీక్షించడమే వాడి ఉద్యోగం. వాడినే అడిగాను.

"పరీక్షించే ఉంటారు మాష్టారూ! మంచి పొడుగాటి ఇంటిపేరు ఒకటి వేసి చూసి ఉంటారు. అది ప్యాసయి ఉంటుంది" అన్నాడు వాడు.

చూశారా? ఒక్క మెతుకు పట్టి చూశారన్నమాట!

"అయితే రోజంతా బటన్లు నొక్కుతూ కూర్చోవడమేనట్రా నీ పని?" అన్నాను.

"నొక్కేది నేను కాదు మాష్టారూ, నేను రాసిన ప్రోగ్రాము" అంటూ వాడు తన ల్యాప్‌టాప్ తెరిచి, ఒక ఆజ్ఞ ఇచ్చి, రెండు చేతులూ కట్టుకుని కూర్చున్నాడు.

నేను చూస్తూ ఉండగానే బ్రౌజరు తనంతట తానే తెరుచుకున్నది. గడులలో అక్షరాలు టపటపా వచ్చి పడ్డాయి. బటన్ తనంతట తానే నొక్కుకున్నది. క్షణంలో ఇంకొక పేజీ, ఇంకొక పేరు, మళ్లీ బటన్! ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. మా తాతగారు చూసి ఉంటే దెయ్యమని దండం పెట్టేవారే!

ఇందులో దెయ్యమూ లేదు, మంత్రమూ లేదు. వెబ్ పేజీ మన కంటికి బొమ్మలాగా కనిపిస్తుంది గాని, దాని వెనక ఉన్నదంతా రాత. ఆ రాతలో ప్రతి గడికీ, ప్రతి బటనుకూ ఏదో ఒక గుర్తు ఉంటుంది. కొత్తగా వచ్చిన మాష్టారు పిల్లల ముఖాలు తెలియకపోయినా రోల్ నంబరు పెట్టి పిలుస్తాడు చూడండి, పరీక్ష ప్రోగ్రాము కూడా ఆ గుర్తు పట్టుకుని గడిని పిలుస్తుంది. దానికి ఇచ్చే ఆజ్ఞలు ఇట్లా ఉంటాయి:

మొదట, ఫలానా పేజీ తెరు. తరువాత, ఇంటిపేరు అనే గడిని వెతికి పట్టుకో. అందులో ఈ అక్షరాలు కొట్టు. పంపే బటన్ నొక్కు. చివరకు, తెర మీద "దరఖాస్తు అందినది" అనే మాట వచ్చిందో లేదో చూడు. వస్తే ప్యాసు, రాకపోతే ఫెయిలు.

ఇందులో ప్రాణమంతా ఆఖరు ఆజ్ఞలోనే ఉన్నది. అది లేకపోతే ప్రోగ్రాము బటన్లన్నీ నొక్కేసి, లోపల ఏమి జరిగినా సరే, అంతా బాగున్నదని చెబుతుంది. జవాబులు దిద్దకుండా అందరికీ మార్కులు వేసే మాష్టారి వంటిది అది!

"ఒకసారి మనిషే కూర్చుని చూసుకుంటే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. ఒక్కసారితో తీరేదయితే సరిపోను. కాని వెబ్‌సైటు కట్టిన ఇల్లు కాదు, రోజూ మరమ్మతు జరిగే ఇల్లు. పాత చొక్కాకు ఒక చోట అతుకు వేస్తే పక్కన చిరిగినట్టు, ఇక్కడ ఒక పంక్తి సవరిస్తే అక్కడ ఒక బటన్ చెడవచ్చు. అందుచేత ఏ చిన్న మార్పు చేసినా, నిన్న బాగా పనిచేసిన వాటిని కూడా ఇవాళ మళ్లీ పరీక్షించాలి. యాభయ్యోసారి పరీక్షించేటప్పుడు మనిషికి నిద్ర వస్తుంది, యంత్రానికి రాదు.

ఈ ఆలోచనతోనే 2004లో అమెరికాలోని చికాగో నగరంలో, థాట్‌వర్క్స్ అనే కంపెనీలో పనిచేసే జేసన్ హగ్గిన్స్ ఒక సాధనం తయారు చేశాడు. ఉద్యోగుల పనిగంటలూ ఖర్చులూ రాసుకునే వెబ్ పేజీలను పరీక్షించడానికి మొదట దానిని వాడారు. దాని పేరు సెలీనియం. ఆ పేరు వెనక ఒక వేళాకోళం ఉన్నది. ఆ రోజులలో పరీక్షా సాధనాలు అమ్మే పెద్ద కంపెనీ పేరు మెర్క్యురీ, అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం అనే మూలకం విరుగుడని హగ్గిన్స్ హాస్యమాడాడు. అదే పేరుగా నిలిచిపోయింది. (సెలీనియం మూలకాన్ని 1817లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ కనుక్కున్నాడు. దాని పరమాణు సంఖ్య 34.)

సెలీనియం సాధనాన్ని ఎవరయినా ఉచితంగా వాడుకోవచ్చు. బ్రౌజర్లన్నీ ఇటువంటి ఆజ్ఞలను ఒకే తీరున వినాలని, వెబ్ ప్రమాణాలను నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018లో వెబ్‌డ్రైవర్ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. 2020లో మైక్రోసాఫ్టు వారు ప్లేరైట్ అనే ఇంకొక సాధనాన్ని బయటపెట్టారు.

ఇక కొంచెం లెక్క చేద్దాం. ఒక దరఖాస్తులో 10 గడులు ఉన్నాయనుకోండి. ప్రతి గడినీ మూడు విధాలుగా పరీక్షించవచ్చు: సరిగా నింపడం, తప్పుగా నింపడం, ఖాళీగా వదలడం. ఈ విధాలన్నీ కలిపితే ఎన్ని పరీక్షలు? 3ను 10 సార్లు వేసి గుణించండి. 59,049 వస్తుంది! ఒక్కొక్కదానికి ఒక నిమిషం చొప్పున, తిండీ నిద్రా మానేసి కూర్చున్నా 41 రోజుల 9 నిమిషాలు పడుతుంది. అందుచేత యంత్రం చేత కూడా అన్నీ చేయించరు, ముఖ్యమయినవి ఏరుకుంటారు.

ఎట్లా ఏరుకోవాలి? చెరువులో గండి పడేది గట్టుకే గాని నడి చెరువులో కాదు. ఇక్కడా అంతే. 2 నుంచి 30 అక్షరాల వరకు ఉండవచ్చునని నియమం ఉంటే, 15 అక్షరాల పేరుతో చూసినందువల్ల లాభం తక్కువ. 1, 2, 30, 31 అక్షరాలతో చూడాలి. ఈ నాలుగూ గట్లు.

మరి యంత్రానికి వచ్చే చిక్కులేమిటి? ఒకటి తొందర. బటన్ నొక్కాక జవాబు రావడానికి ఒకప్పుడు అర సెకను, ఒకప్పుడు అయిదు సెకన్లు పట్టవచ్చు. ప్రోగ్రాము వెంటనే చూసి, "రాలేదు, ఫెయిలు!" అంటే అది అబద్ధపు ఫెయిలు. ఈ మూల ఇట్లాంటి అబద్ధపు ఫెయిళ్లు నాలుగు వచ్చాయంటే, ఆ మూల నిజమయిన ఫెయిలును కూడా ఎవరూ నమ్మరు. "నాన్నా, పులి!" కథ మీకు తెలిసిందే గదా! అందుచేత "రెండు సెకన్లు ఆగు" అని చెప్పడం కన్న, "ఆ మాట కనిపించేదాకా ఆగు, అయితే ముప్పై సెకన్లు దాటితే మాత్రం ఫెయిలు" అని చెప్పడం మంచిది.

రెండవది గుడ్డితనం. ప్రోగ్రాము మనం చూడమన్నదే చూస్తుంది. అది సరిగా చూస్తున్నదో లేదో తెలుసుకోవడానికి నా శిష్యుడు ఒక యుక్తి చేసి చూపించాడు. తానే పేజీలో ఒక బటన్ను కావాలని చెడగొట్టి, పరీక్ష నడిపాడు. తెర ఎర్రబడి "ఫెయిలు" అని వచ్చింది. "ఇప్పుడు దీన్ని నమ్మవచ్చు మాష్టారూ! తప్పును పట్టుకోవడం కళ్లారా చూశాం గనక" అన్నాడు. పరీక్షకే పరీక్ష పెట్టాడన్నమాట! ముప్పై ఏళ్లు ప్రశ్నపత్రాలు తయారు చేసిన నాకు ఈ ఆలోచన ఎన్నడూ రాలేదు.

అప్పుడు నేను వాడితో ఆ అమ్మాయి సంగతి మళ్లీ ఎత్తాను. "నీ సాధనంతో ఆ గట్లన్నీ పరీక్షించి ఉంటే ఆ తప్పు దొరికేదా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. "సగమే దొరికేది మాష్టారూ. ఒక్క అక్షరం వేసినప్పుడు తప్పు ఎక్కడుందో తెర మీద చెప్పడం లేదని పట్టుకునేవాణ్ణి. కాని ఒక్క అక్షరాన్ని ఒప్పుకోకపోవడం నియమం ప్రకారం సరయినదేనని నా ప్రోగ్రాము ప్యాసు మార్కు వేసేది. ఆ నియమమే తప్పని దానికి ఎట్లా తెలుస్తుంది?"

పిల్లలూ, అసలు సంగతి ఇక్కడ ఉన్నది. ఇంటిపేరు ఒక్క అక్షరంగా రాసుకునే పిల్లలు కూడా ఉంటారని యంత్రానికి తెలియదు. తెలిసిన మనిషి చెప్పాలి. వేయిసార్లు విసుగు లేకుండా పరీక్షించడం యంత్రం వంతు. ఎవరెవరి కోసం పరీక్షించాలో తలుచుకోవడం మన వంతు. ఒక గిన్నెలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి గనక ఒక్కటి చూస్తే చాలు. మనుషులు అట్లా కాదు, ఎవరి పేరు వారిది, ఎవరి ఊరు వారిది.

నా శిష్యుడు తిరిగి వెళ్లాక, తాను రాసే పరీక్షలన్నిటిలో ఒక్క అక్షరం ఇంటిపేరును కూడా చేర్చానని ఫోను చేసి చెప్పాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటరు చదువుతున్నది. ఆ వేతనం రానందువల్ల వాళ్ల అమ్మ ఆదివారాలు కూడా మిరప కోతకు వెళ్లి పుస్తకాలకు డబ్బు కూర్చింది. ఫోను సంగతి చెబితే ఆ పిల్ల నవ్వి, "అయితే నా పేరు ప్యాసయిందన్నమాట మాష్టారూ!" అన్నది.

ఇక ఈ నెల ఆట. ముగ్గురు నలుగురు కూర్చోండి. ఒకరు "పేజీ" కావాలి. మార్కుల గడి 0 నుంచి 100 వరకు ఉన్న అంకెలనే ఒప్పుకోవాలి. కాని "పేజీ" అయినవారు కాగితం మీద రహస్యంగా ఒక తప్పు రాసుకోవాలి. ఉదాహరణకు, 100ను ఒప్పుకోకపోవడం. మిగతావారు ఒక్కొక్క అంకె చెబుతూ, అతి తక్కువ ప్రశ్నలలో ఆ తప్పును పట్టుకోవాలి. మీరు మొదట అడిగే అయిదు అంకెలు ఏవో, వాటినే ఎందుకు ఎంచుకున్నారో రాసి పంపండి. వచ్చే నెల వాటిని గురించి మాట్లాడుకుందాం.