ఆ కంటి చుక్కలు పిల్లికి వెయ్యకండి బాస్

పిల్లి ఒక కన్ను మూసి చూస్తుంటే టకాల్న ఫొటో తీసి, 'కన్ను కొడుతోంది చూడండి' అని స్టేటస్ పెట్టే బ్యాచ్ మనలో చాలానే ఉంది. ఒక్కోసారి అది సరదాగానే కన్నార్పుతుంది, కాదనను. కానీ గంటల తరబడి అదే కన్ను సగం మూసుకుని, దాంట్లోంచి నీళ్ళు కారుతూ, మూలన పుసి కడుతోందంటే మాత్రం ఆ కన్ను నొప్పి పుడుతోందని అర్థం. పిల్లి అరిచి చెప్పుకునే రకం కాదు. మంచం కింద దూరి నొప్పి దాచుకుంటుంది. మనకొచ్చే నోటిఫికేషన్ ఆ సగం మూసిన కన్నొక్కటే.

మా మిర్చికి కిందటి నెల ఇదే వచ్చింది. ఫ్లాట్ మారి రెండు వారాలైంది. రాత్రి పదింటికి కుడికన్ను తెరవట్లేదు. అమ్మకి ఫోన్ చేస్తే, "ఏరా, వేడి చేసి ఉంటుంది. నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెట్టు, చలవ చేస్తుంది" అంది. పూలు పెడితే కదలకుండా పడుకునే పిల్లి ఏ ఊళ్ళో ఉంటుందో నాకు తెలీదు. అయినా ఆ కొమ్మ తుంచితే కారే పాలు కంట్లో పడ్డం మంచిది కాదు. కింద మెడికల్ షాపులో అడిగితే అతను ఇంకా సింపుల్‌గా తేల్చేశాడు: "మనుషులకు వాడేదే అన్నా, రెండు చుక్కలెయ్యి, పొద్దున్నకల్లా తగ్గిపోద్ది." డబ్బా వెనక చూస్తే యాంటీబయాటిక్ పక్కనే డెక్సామెథసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. అక్కడే వదిలేసి వచ్చేశా.

ఎందుకో చెప్తా, ఈ వారం రాస్తున్నదే దీని కోసం. కన్ను ఎర్రబడిందంటే కారణం మామూలు కండ్లకలకా, లేక కార్నియా మీద, అంటే నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే పొర మీద పుండు పడిందా అన్నది పైకి చూసి చెప్పలేం. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే ఎరుపు తగ్గుతుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. లోపల గాయం మానడం ఆగిపోతుంది, వైరసో బ్యాక్టీరియానో ఉంటే దానికి అడ్డు ఉండదు, పుండు లోతుగా దిగుతుంది. ముదిరితే గుడ్డుకి చిల్లు పడి కన్నే తీసేయాల్సి రావచ్చు. మన ఆఫీసు భాషలో అయితే అలర్ట్ మ్యూట్ చేసి పడుకోవడం. సర్వర్ మాత్రం కాలిపోతూనే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ చేసిన పరీక్ష రెండు నిమిషాల పని. ఫ్లోరెసిన్ అని నారింజ రంగు మందు అంటించిన కాగితం ముక్క ఉంటుంది. దాన్ని తడిపి కంటికి తాకిస్తారు, కడిగేస్తారు, నీలం లైటు వేస్తారు. పైపొర బాగుంటే రంగు నిలవదు. పుండు ఉన్న చోట మాత్రం ఆకుపచ్చగా మెరుస్తుంది. మిర్చి కంట్లో ఆవగింజంత ఆకుపచ్చ చుక్క మెరిసింది. ఇది చూడకుండా ఎవరైనా కంట్లో స్టెరాయిడ్ వెయ్యమంటే, 'ముందు రంగు వేసి చూస్తారా?' అని మర్యాదగా అడగండి. అడిగితే ఏం పోదు.

పిల్లులకు ఇలా కళ్ళు కారడానికి ఎక్కువగా కారణమయ్యేది వాటి హెర్పిస్ వైరస్. చిన్నప్పుడు ఒకసారి పట్టుకుంటే నరాల్లో జీవితాంతం తిష్ట వేస్తుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, హాస్టల్లో వదిలి ఊరెళ్ళినా, ఆ ఒత్తిడికి మళ్ళీ లేస్తుంది. మిర్చి విషయంలో మేడమ్ అనుమానం కూడా అదే. మనకి మాత్రం అది అంటదు. క్యాలిసి వైరస్, క్లామిడియా బ్యాక్టీరియా, దెబ్బలాటలో గోరు గీరుకోవడం లాంటివి మిగతా కారణాలు. పర్షియన్ పిల్లులకైతే ముఖం చప్పిడిగా ఉండటం వల్ల కన్నీటి దారి మడత పడి, జబ్బు లేకపోయినా నీళ్ళు కారుతుంటాయి. అన్నట్టు, హెర్పిస్‌కి లైసిన్ పొడి అని ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతుంటారు. అది పని చెయ్యదని, ఆపేయమని 2015లోనే ఒక పరిశోధన సమీక్ష తేల్చింది. ఆ డబ్బులు దాచుకోండి.

ఇక ఇంట్లో చెయ్యాల్సింది. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి పారెయ్యాలి. రెండో కంటికి వేరే దూది. పుసి ఎండి రెప్పలు అతుక్కుంటే పీకకండి, తడిదూది కాసేపు అలాగే ఉంచితే నాని ఊడుతుంది. చుక్కలు వెయ్యాలంటే చంటిపిల్లని చుట్టినట్టు టవల్లో చుట్టి, తల ఒక్కటే బయటికి ఉంచి, వెనక నుంచి చెయ్యి తేవాలి. సీసా ఎదురుగా కనపడితే ఇక దొరకదు. సీసా మూతి కంటికి తగలకూడదు. రెండు మందులు రాస్తే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, చుక్కలు ముందు, ఆయింట్‌మెంట్ తర్వాత. మొదటి రోజు నాకూ మా రూమ్మేట్‌కీ కలిపి మోచేతుల దాకా గీతలే. మూడో రోజుకి చుక్క పడగానే చికెన్ ముక్క వస్తుందని దానికి లెక్క అర్థమైంది.

మెడకి గరాటా లాంటి కాలర్ వేస్తారు. మిర్చి మొదటి రోజంతా వెనక్కి నడిచింది, తలుపులకి గుద్దుకుంది, నా వైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు. జాలిపడి తీసేయకండి. ఒక్కసారి పంజాతో రుద్దుకుంటే మూడు రోజుల మందు వృథా.

నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ మాత్రం దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి. మనం జ్వరానికి వేసుకునే ఆ బిళ్ళ పిల్లి లివర్ అరిగించుకోలేదు, సగం ముక్క కూడా ప్రాణం తీయొచ్చు. ముక్కు కూడా దిబ్బడ వేస్తే వాసన తెలీక తిండి మానేస్తుంది. అన్నం కాస్త వెచ్చబెట్టి ఇవ్వండి, రోజంతా ముట్టకపోతే డాక్టర్‌కి చెప్పండి.

కన్ను అసలు తెరవకపోయినా, గుడ్డు మీద మబ్బులా తెల్లగానో నీలంగానో కమ్మినా, రెండు పాపల సైజులో తేడా ఉన్నా, గుడ్డు ఉబ్బినా శనివారం దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్ళాలి. పైపైన పడ్డ పుండు సరైన మందు పడితే సాధారణంగా వారంలో మానుతుంది. మిర్చికి ఆరో రోజున మళ్ళీ రంగు వేసి చూశారు, ఎక్కడా ఆకుపచ్చ లేదు.

మెట్ల కింద కళ్ళు అతుక్కుపోయిన పిల్లికూనలు కనిపిస్తే, పుట్టి వారం పది రోజుల్లోపు అయితే కళ్ళు మూసుకుని ఉండటం మామూలే. కానీ మూసిన రెప్పల వెనక ఉబ్బెత్తుగా ఉంటే లోపల చీము చేరినట్టు, వెంటనే చూపించాలి. పెంచుకుందామనుకుంటే మీ ఇంట్లో ఉన్న పిల్లికి కొన్నాళ్ళు దూరంగా వేరే గదిలో పెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా బూస్టర్లు వేయించండి. టీకా వైరస్‌ని పూర్తిగా ఆపదు గానీ, వచ్చినా జబ్బు తీవ్రత బాగా తగ్గుతుంది.