పిడికెడు బియ్యం

మా కృష్ణా డెల్టాలో క్రైస్తవ రైతు ఇంట ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. ఆదివారం అవి గుడికి చేరతాయి. కోత పండుగనాడు తొలి పనలు, గుమ్మడికాయలు, కోళ్లు కూడా అంతే. ఆరాధన అయ్యాక అక్కడే వేలం పాడతారు. కౌలుకు చేసే ఇళ్లలోనూ ఆ పిడికిలి చిన్నదవడం నేనెప్పుడూ చూడలేదు. "వాన ఇచ్చినాయనకి కొలిచి పెడతామా?" అంటుంది మా పెద్దమ్మ. ఆ నమ్మకం మీద నాకెంత గౌరవమో, కౌలుదారు గతి చూస్తే అంత బాధ. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి; అదీ 11 నెలలకే. కార్డు లేకపోతే బ్యాంకులో పంట రుణం పుట్టడమే కష్టం. గుడిలో ఆ రైతు పక్కనే మోకరిల్లే భూమిగల పెద్దలారా, ఈ ఏడైనా ఆ సంతకం పెట్టండి.