పుట్టి ఎక్కితే గాని మూసీ తెలియలేదు

పరీక్షలు అయిపోగానే మన కాలేజీలో వినబడే ప్రశ్న ఒక్కటే: "ఎండాకాలం ఏం చేస్తున్నావురా?" కోచింగు అని కొందరు, సినిమాలని కొందరు, నిద్ర అని నిజం చెప్పే పుణ్యాత్ములు కొందరు. పోయిన వేసవిలో మేం నలుగురం నది మీద తిరిగొస్తామంటే అంతా నవ్వారు. "పాతబస్తీ వాడికి నదీ విహారమా! ముక్కు మూసుకుని నయాపూల్ దాటడం చాలదూ?" అన్నాడొక మిత్రుడు.

అయినా బస్సెక్కాం. మిర్యాలగూడ దాటి వాడపల్లి చేరాం. మన మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. చేపలు పట్టే ఒక పెద్దాయన తన పుట్టిలో తిప్పుతానన్నాడు. వెదురు బద్దలతో అల్లి తారు పూసిన గుండ్రటి పుట్టి అది. మోటారు లేదు, ఒక్క తెడ్డే. తెడ్డు ఆపితే చాలు, తనంతట తానే మెల్లగా తిరుగుతుంది. పావుగంట గడిచేసరికి మాటలు తగ్గాయి, సెల్‌ఫోన్లు జేబుల్లోకి పోయాయి. మూడేళ్ళు ఒకే బెంచీలో కూర్చున్నా చెప్పుకోని సంగతులు ఆ పొద్దున చెప్పుకున్నాం. తొందర లేకుండా పక్కపక్కన కూర్చోవడం కూడా ఒక చదువేనని అప్పుడు తెలిసింది.

సంగమం దగ్గరికి వచ్చేసరికి నీటి రంగు మారింది. నీళ్ళలో పెట్టిన చెయ్యి నేను చప్పున తీసేశాను. పెద్దాయన నవ్వి, "ఇవి మీ పట్నంకెళ్ళి వచ్చిన నీళ్ళే బిడ్డా!" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే మాకు మరీ సిగ్గేసింది.

ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు మురికిది కాదు గదా! దాన్ని దాటడానికే 1578లో పురానాపూల్ కట్టారు. 1908 సెప్టెంబరు 28న అది ఉగ్రరూపం దాల్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారంటారు. ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది. కాని నది అంటే భయంతోపాటు భక్తీ పోయింది. పైనుంచి నీరు తగ్గిన నదిలోకి మన మురుగంతా వదిలేశాం.

ఇప్పుడు మూసీని అందంగా తీర్చిదిద్దాలని పెద్ద పెద్ద మాటలు వినిపిస్తున్నాయి. సంతోషమే. అయితే ఒడ్డున దీపాలూ రోడ్లూ వేసినంత మాత్రాన నది బాగుపడదు, ఒడ్డున బతికే పేదవాణ్ణి వెళ్ళగొడితే అసలే బాగుపడదు. నా కొలబద్ద ఒక్కటే: ఏదో ఒక ఎండాకాలం పొద్దున నలుగురు స్నేహితులు పురానాపూల్ కింద పుట్టి వేసుకుని, నీళ్ళలో చెయ్యి పెట్టి తీయకుండా వుండగలగాలి. దానికి మురుగును శుద్ధి చేయకుండా నదిలోకి వదలడం ఆగాలి. మిగతా హంగులన్నీ తరువాతి మాట.

పడవ షికారు డబ్బున్నవాళ్ళ సరదా అంటారేమో. బస్సు చార్జీ, పెద్దాయనకిచ్చిన కూలీ నలుగురం పంచుకున్నాం, అంతే. జాగ్రత్త మాత్రం తప్పదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర వరదలో పడవ మునిగి ఎందరి ప్రాణాలు పోయాయో మరిచిపోకూడదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు, వరద రోజుల్లో అసలే వద్దు.

మన యూనియన్‌కు నా మనవి ఒకటే. వచ్చే ఏడు కొత్త విద్యార్థులను ముందు పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఒడ్డు వెంబడి నడిపించండి. తరువాత వాడపల్లి తీసుకెళ్ళి పుట్టి ఎక్కించండి. మనం వదిలిన నీళ్ళు ఎవరి ముంగిట చేరుతున్నాయో కళ్ళారా చూసినవాడు మళ్ళీ ముక్కు మూసుకుని వంతెన దాటిపోలేడు. ఆ పెద్దాయనకు మేం ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. ఎప్పటికైనా చెప్పాలి.